తిరుపతి ఎండలో తెల్లపూల పెర్ఫ్యూమ్ వాడే పద్ధతి

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, పారిస్‌లోనో మిలాన్‌లోనో రూపు దిద్దుకున్న తెల్లపూల పెర్ఫ్యూమ్ ఒక్క స్ప్రే చాలు. రెండోది కొడితే ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు ముఖం తిప్పుకుంటారు. మూడోది కొడితే మీకే తల పట్టేస్తుంది. అదే సీసా డిసెంబరు రాత్రి రిసెప్షన్‌కు మూడు స్ప్రేలు కొట్టుకున్నా హాయిగా ఉంటుంది. వేలకు వేలు పోసి కొన్న సెంటు నచ్చక బీరువా మూలన పడి ఉందంటే, చాలాసార్లు తప్పు సీసాది కాదు. ఏసీ షాపులో మొదటి నిమిషం వాసన చూసి కొనేశారు, ఆ తర్వాత మన ఎండకు తగ్గట్టు కొలత తగ్గించలేదు. కొనేటప్పుడు చూడాల్సింది కొట్టుకున్న నాలుగో గంటకు మిగిలే వాసన, అదీ ఎండలో తిరిగాక. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు పువ్వు, తర్వాత సీసా

తెల్లపూల జాతి పెర్ఫ్యూమ్‌లు అంటే మల్లె, జాజి, దండల్లో కట్టే లిల్లీ, గంధరాజం, నారింజ పూత లాంటి వాసనల మీద కట్టినవి. ఈ విషయంలో మనవాళ్లకు పెద్ద సౌకర్యం ఉంది. ఈ పూలు మనకు రోజూ దొరుకుతాయి. సీసా కొనే ముందు ఒక సాయంత్రం పూలతోనే ముక్కును సిద్ధం చేసుకుంటే, షాపులో అమ్మేవాళ్ల మాటల మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

పొద్దున గోవిందరాజస్వామి గుడి వీధుల్లోనో, చిత్తూరు బజారులోనో మల్లెమొగ్గలు రెండు మూరలు, లిల్లీ కాడలు రెండు తీసుకోండి. మొగ్గ గట్టిగా, తెల్లగా ఉండాలి. కొసన గులాబీ చార పడితే నిన్నటిది. మల్లెను ఒక గదిలో, లిల్లీని ఇంకో గదిలో స్టీలు పళ్లెంలో పెట్టండి. ఒకే గదిలో పెడితే రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. సాయంత్రం 5కు, రాత్రి 8కి, 11కు, మళ్లీ పొద్దున్నే వాసన చూసి, తోచిన మాటలు కాగితం మీద రాసుకోండి.

5 గంటలకు మల్లెమొగ్గలో పచ్చివాసన, కొద్దిగా పండు తీపి ఉంటాయి. 8కి పువ్వు విచ్చుకున్నాక తీపి నిండుగా వస్తుంది. 11కు ఆ తీపి కింద ఒక బరువు తగులుతుంది. ఒంటి వాసనలా, కొంచెం మగ్గినట్టుగా ఉంటుంది. ఆ బరువుకు చాలావరకు కారణం ఇండోల్ అనే పదార్థం. విడిగా, ఘాటుగా చూస్తే కలరా ఉండల వాసన గుర్తుకొస్తుంది. పువ్వులో ఉన్నంత కొద్ది మోతాదులో అయితే దానివల్లే మల్లె మల్లెలా ఉంటుంది. అది లేని మల్లె సబ్బు వాసనే. లిల్లీ కాడ దగ్గర ముక్కు పెడితే ముందు నొప్పుల బామ్ లాంటి చల్లటి ఘాటు, దాని వెనక వెన్న, పచ్చికొబ్బరి లాంటి చిక్కదనం తెలుస్తాయి. రాత్రి పెరిగేకొద్దీ లిల్లీ ఘాటు పెరుగుతుంది. మర్నాడు పొద్దున వాడిన మల్లెలో వచ్చే పులుపును కూడా గుర్తుపెట్టుకోండి. నాసిరకం సెంటు రెండో గంటకే ఆ పులుపులోకి దిగిపోతుంది.

ఇప్పుడు సీసా దగ్గరికి వెళ్లినప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న సులువు: ఇది 5 గంటల మల్లెనా, 11 గంటల మల్లెనా? పగటిపూట ఆఫీసుకు వాడేవాళ్లు మొదటిది తీసుకోవాలి. రాత్రి ఫంక్షన్లకే అయితే రెండోదాని అందం వేరు.

పెట్టె మీద రాసింది ఎలా చదవాలి

జాస్మిన్ సాంబాక్ అంటే మల్లె. జాస్మిన్ గ్రాండిఫ్లోరమ్ అంటే జాజి. జాజి వాసన పండులా మెత్తగా ఉంటుంది, మల్లెలో పచ్చిదనం ఎక్కువ. ట్యూబరోజ్ అంటే మన దండల్లోని లిల్లీ, కొందరు నేలసంపెంగ అంటారు. పెట్టె మీద లిలీ ఆఫ్ ది వ్యాలీ అని ఉంటే అది దీనికి సంబంధం లేని చలిదేశపు చిన్న పువ్వు. మన లిల్లీ అనుకుని కొంటే నిరాశే. గార్డీనియా అంటే గంధరాజం. వ్యాపారానికి పనికొచ్చేలా గంధరాజం నుంచి నూనె తీయడం కుదరదు కాబట్టి, దాదాపు ప్రతి సీసాలోనూ ఆ వాసన ఇతర పదార్థాలు కలిపి కట్టిందే. అది మోసం కాదు, ఆ పనిలో ఉన్న నేర్పు. నెరోలి, ఆరెంజ్ బ్లాసమ్ రెండూ చేదునారింజ పూతవే. ఆవిరి పట్టి తీస్తే నెరోలి, అది తేలికగా, చల్లగా ఉంటుంది. ద్రావకంతో తీస్తే ఆరెంజ్ బ్లాసమ్, అందులో తేనె బరువు ఉంటుంది.

శాండల్‌వుడ్ అని చూసి మన శేషాచలం ఎర్రచందనం అనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, దాని విలువ రంగుకూ కలపకూ. సెంటులోకి వెళ్లేది శ్రీగంధం, లేదా దాని వాసన ఇచ్చే తయారీ పదార్థాలు.

పూల నుంచి వాసన తీసే పద్ధతి తెలిస్తే ధర ఎందుకు అంత ఉంటుందో అర్థమవుతుంది. మల్లె, లిల్లీ ఆవిరి వేడికి తట్టుకోవు, వాసన మారిపోతుంది. అందుకే హెక్సేన్ లాంటి ద్రావకంలో నానబెట్టి, ద్రావకాన్ని తీసేస్తే మైనం లాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని కాంక్రీట్ అంటారు. ఆ ముద్దను ఆల్కహాల్‌తో కడిగి మైనం వేరుచేస్తే వచ్చేది యాబ్సొల్యూట్. ఒక కిలో యాబ్సొల్యూట్‌కు వందల కిలోల పూలు పడతాయి. మదురై చుట్టుపక్కల పండే మల్లెలో కొంత ఇలాగే మారి విదేశీ పెర్ఫ్యూమ్ కంపెనీలకు చేరుతుంది. అంటే మన పక్క రాష్ట్రంలో కోసిన మొగ్గే సముద్రం దాటి, సీసాలో కూర్చుని మళ్లీ మన దగ్గరకు రావచ్చు.

ఇక గాఢత సంగతి. సుమారుగా చెప్పాలంటే ఓ ద టాయ్‌లెట్‌లో 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం, పర్ఫ్యూమ్ లేదా ఎక్స్‌ట్రేలో 20 నుంచి 30 శాతం సుగంధ నూనెలు ఉంటాయి. మిగిలింది ఎక్కువగా ఆల్కహాల్. కంపెనీని బట్టి ఈ అంకెలు మారతాయి. ఒకే పేరుతో వచ్చే రెండు గాఢతలు చాలాసార్లు నీళ్లు కలిపి పలుచన చేసినట్టు ఉండవు, ఫార్ములానే వేరు. కాబట్టి ఓ ద పర్ఫ్యూమ్ నచ్చిందని టాయ్‌లెట్‌ను వాసన చూడకుండా కొనకండి. పగటి ఎండకు టాయ్‌లెట్ రకమే మన ఊరికి సరిపోతుందని మా అభిప్రాయం. ఎక్కువ గాఢత అంటే ఎక్కువ నాణ్యత అనుకోవడం మన దగ్గర అందరూ చేసే పొరపాటు.

ఏ సీసా, ఏ కాలానికి

డిజైనర్ల తెల్లపూల సీసాల్లో పెద్దమ్మ లాంటిది రాబర్ట్ పిగె వారి ఫ్రాకా. 1948లో జెర్మేన్ సెలియె అనే ఆవిడ కట్టిన లిల్లీ పెర్ఫ్యూమ్. వెన్నలాంటి చిక్కదనం, గట్టి గొంతు. తిరుపతిలో దీన్ని నవంబరు చివర నుంచి జనవరి దాకా, రాత్రిపూట, ఒకటే స్ప్రేతో వాడాలి. ఏప్రిల్‌లో దీన్ని కొట్టుకుని బస్టాండుకు వెళ్లడం తోటి ప్రయాణికులకు అన్యాయం.

మన దండ వాసనకు దగ్గరగా, పచ్చిగా ఉండేది గూచీ బ్లూమ్. 2017లో వచ్చింది, కట్టింది ఆల్బెర్టో మొరియాస్. లిల్లీ, మల్లెమొగ్గలతో పాటు అందులో రంగూన్ క్రీపర్ అని రాసి ఉంటుంది. అది మన ఇళ్ల గోడల మీద పాకే రాధామనోహరమే. పెరట్లో ఆ తీగ ఉన్నవాళ్లు సాయంత్రం గుత్తి దగ్గర నిలబడి, చేతి మీద బ్లూమ్ రాసుకుని పోల్చి చూడండి. తీపి తక్కువ, కాస్త పౌడరు పొడితనం ఉంటుంది కాబట్టి ఎండకు తట్టుకుంటుంది.

డియోర్ వారి జదోర్ 1999 నాటిది, కట్టింది కాలీస్ బెకర్. పూలతో పాటు పండ్ల మెరుపు ఉంటుంది. మొదటిసారి ఈ జాతి వాడేవాళ్లకు, ఆఫీసుకు, ఇదే నిశ్చింత. ఎలీ సాబ్ వారి ల పర్ఫ్యూమ్ 2011లో ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ కట్టారు. నారింజ పూత, తేనె తీపి. చక్కనిదే, కానీ ఎండలో తేనె బరువెక్కి పాకంలా మారుతుంది, సాయంత్రాలకు ఉంచుకోండి. షనెల్ గాబ్రియెల్, అదీ 2017దే, మల్లెజాతి, ఇలాంగ్ ఇలాంగ్ అనే పువ్వు, నారింజ పూత, లిల్లీ నాలుగింటినీ శుభ్రంగా, తేలికగా కలుపుతుంది. ఘాటు పూలు కోరేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు. కరోలినా హెరేరా గుడ్ గర్ల్ 2016లో వచ్చింది. అందులో పూల కింద కోకో, టోంకా గింజల తీపి ఉంటుంది. చలికాలం రాత్రికి బాగుంటుంది, వేసవిలో మాత్రం ముట్టుకోవద్దు.

షాపులో పరీక్ష

తిరుపతివాళ్లు చెన్నై, చిత్తూరువాళ్లు బెంగళూరు వెళ్లే పని ఎలాగూ పడుతుంది. ఆ రోజు ఒంటికి ఏ సెంటూ, సువాసన పౌడరూ పెట్టుకోకుండా బయల్దేరండి. తలలో పూలు కూడా వద్దు. పెద్ద మాల్‌లోని పెర్ఫ్యూమ్ కౌంటర్లో కాగితం పట్టీల మీద 15 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక్కో స్ప్రే కొట్టించి, అర నిమిషం ఆగి చూడండి. వెంటనే ముక్కు దగ్గర పెడితే ఆల్కహాల్ తప్ప ఏమీ తెలియదు. పట్టీల మీద నాలుగైదు దాకా చూడవచ్చు. అంతకు మించితే ముక్కు మొద్దుబారుతుంది. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందనేది పెద్దగా నమ్మదగ్గ మాట కాదు. బయటికి వెళ్లి రెండు నిమిషాలు మామూలు గాలి పీల్చడం, లేదా మీ మోచేతి మడతను వాసన చూసుకోవడం నయం.

పట్టీల్లో నచ్చిన రెండింటిని మాత్రం ఒంటి మీదికి తీసుకోండి. కుడి మోచేతి లోపల ఒకటి, ఎడమ దానిలో ఒకటి. ఏది ఎక్కడో ఫోన్‌లో రాసుకోండి. కొనకుండా బయటికి రండి. ఎండలో పది నిమిషాలు నడవండి, భోజనం చేయండి, బస్సెక్కండి. చెన్నైలో పదకొండింటికి కొట్టించుకున్నది తిరుపతి చేరేసరికి సరిగ్గా మీకు కావాల్సిన నాలుగో గంటలో ఉంటుంది. బెంగళూరు నుంచి చిత్తూరు దారీ దాదాపు అంతే. అప్పుడు చేయి ముక్కు దగ్గర పెడితే మిగిలినదే మీరు నిజంగా కొంటున్న వాసన. మొదటి పది నిమిషాల నిమ్మజాతి మెరుపు కోసం ఎవరూ అంత డబ్బు పెట్టకూడదు.

ప్రయాణం కుదరని వాళ్లకు 1.5 లేదా 2 మిల్లీలీటర్ల శాంపిల్ సీసాలు ఉన్నాయి. ఒక స్ప్రేకు సుమారు 0.1 మిల్లీలీటరు పడుతుంది. అంటే 2 మిల్లీలీటర్లలో 20 స్ప్రేల దాకా వస్తాయి. వాటిని ఒకే వారంలో మూడు సందర్భాలకు వాడి చూడండి: మధ్యాహ్నం బయట పని ఉన్న రోజు, ఏసీ గదిలో గడిపే రోజు, రాత్రి ఫంక్షన్. మూడింట్లోనూ బాగుంటే పెద్ద సీసా కొనొచ్చు. ఇదే లెక్కతో 50 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 500 స్ప్రేలు. సీసా 9,000 రూపాయలనుకుంటే ఒక స్ప్రే 18 రూపాయలు. వారానికి నాలుగు రోజులు ఒక్కో స్ప్రే వాడేవాళ్లకు ఆ సీసా రెండేళ్లు దాటి వస్తుంది. మన వాతావరణంలో 100 మిల్లీలీటర్ల సీసా కొనొద్దని చెప్పేది అందుకే. ధర కలిసొచ్చినట్టు కనిపిస్తుంది గానీ సగం అయ్యేలోపే పైవాసన, అంటే కొట్టగానే ముందు తెలిసేది, వాడిపోతుంది.

నకిలీని పట్టుకోవడం

మన దేశంలో చట్టప్రకారం దిగుమతి అయిన పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీసి, ముందు ఆ స్టిక్కరు చూడండి. తర్వాత పెట్టె అడుగున, సీసా అడుగున ఉన్న బ్యాచ్ కోడ్, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే గుర్తు, పోల్చండి. రెండూ ఒకటే కావాలి. పెట్టె మీద కోడ్ ఉండి సీసా మీద లేకపోతే అనుమానించాల్సిందే.

సీసా వెలుగుకు పట్టి చూడండి. గాజులో బుడగలు, అంచు గరుకుదనం, అడుగున నలకలు ఉండకూడదు. స్ప్రే నొక్కితే సన్నటి మంచులా పరుచుకోవాలి, చుక్కలుగా చిమ్మితే తేడా ఉన్నట్టే. అయితే వాసనే చివరి సాక్షి. అసలుదానిలో మొదటి పది నిమిషాలకూ, గంటకూ, నాలుగు గంటలకూ వాసన మారుతూ పోతుంది. నకిలీది మొదట ముక్కు మండించి, తర్వాత ఒకే తీపి మీద నిలబడి, గంటలో మాయమవుతుంది. సగం ధరకు ఫస్ట్ కాపీ అని అమ్మేది ఎంత బతిమాలినా తీసుకోకండి. డబ్బు ఒక్కటే కాదు, ఒంటికి ఏం రాసుకుంటున్నారో తెలియకపోవడం అసలు ప్రమాదం.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే దిగుమతి స్టిక్కర్ ఉండదు, అది సహజం. షాపు బిల్లు తెమ్మనండి. విమానంలో చేతి సంచిలో అయితే ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు. పెద్ద పెట్టెలో వేస్తే ఒక్కోటి 500 మిల్లీలీటర్ల లోపు, మొత్తం మీద రెండు లీటర్ల లోపు ఉండాలి. మూతకు టేపు చుట్టి, జిప్ కవరులో పెట్టి, బట్టల మధ్యన ఉంచమనండి.

ఒంటికి పట్టించడం

కొత్త సీసా మొదటిరోజే మెడకు కొట్టుకోవద్దు. మోచేతి లోపల ఒక స్ప్రే కొట్టి ఒక రోజు ఆగండి. ఎరుపు, దురద, దద్దుర్లు లేకపోతేనే ముందుకు వెళ్లండి. ఈ జాతి పెర్ఫ్యూమ్‌లలో లినలూల్, బెంజైల్ సాలిసిలేట్ లాంటి సుగంధ పదార్థాలు మామూలుగా ఉంటాయి. కొందరి చర్మానికి అవి పడవు. ఏవి ఉన్నాయో పెట్టె మీద రాసి ఉంటుంది, ఒకసారి పడలేదంటే ఆ పేర్లు రాసిపెట్టుకుంటే తర్వాతి సీసాకు పనికొస్తుంది. పెళ్లికూతురికైతే ఈ పరీక్ష ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి.

స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక కొట్టుకోవాలి. చెమట మీద కొడితే మల్లెలోని ఇండోల్ బరువు, చెమట వాసన ఒకదానికొకటి తోడై ఘోరంగా తయారవుతాయి. తెల్లపూల సెంటు కుళ్లిపోయినట్టు అనిపించిందని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని చెమటను కప్పడానికి వాడినవాళ్లే. ఆ పని డియోడరెంట్‌ది, అదీ వాసన లేనిది. మామూలు సువాసన పౌడర్లు, ఘాటు సబ్బులు కూడా దీనితో కొట్లాడతాయి. శ్రీగంధం సబ్బు మాత్రం చక్కగా కలిసిపోతుంది, ఎందుకంటే ఈ పెర్ఫ్యూమ్‌లలో చాలావాటికి అడుగున గంధమే ఉంటుంది. చర్మం పొడిబారినవాళ్లకు సెంటు త్వరగా ఎగిరిపోతుంది. కొట్టుకునే చోట ముందుగా బియ్యపుగింజంత వాసలిన్ రాస్తే నిలుస్తుంది. లిల్లీ రకాలకు కొబ్బరినూనె కూడా కలుస్తుంది, ఆ పువ్వులోనే కొబ్బరి ఛాయ ఉంది కదా.

సీసాను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. మరీ దగ్గరగా పెడితే ఒకేచోట తడి అయి మచ్చ పడుతుంది. కొట్టాక మణికట్లు రుద్దుకోవడం అలవాటు మానుకోండి. పెద్ద నష్టం లేకపోయినా, రాపిడి వేడికి పైవాసన ముందే ఎగిరిపోతుంది.

ఎక్కడ కొట్టుకోవాలన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా మెడ వద్దు. అక్కడ చెమట ఎక్కువ, పైగా ఎండ నేరుగా తగులుతుంది. బెర్గమాట్ లాంటి నిమ్మజాతి నూనెలు ఉన్న సెంటు ఎండ తగిలే చర్మం మీద నల్లమచ్చలు తేవచ్చు. ఆ నెలల్లో బట్టల లోపల, ఛాతీ మధ్యలో ఒక్క స్ప్రే. ఒంటి వేడికి అది నెమ్మదిగా పైకి వస్తుంది. వానాకాలంలో గాలిలో తేమ ఉంటుంది, వాసన ముద్దగా నిలుస్తుంది, ఒకటి లేదా రెండు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు, రాత్రి ఆరుబయట ఫంక్షన్‌కు మూడు: మెడ వెనక ఒకటి, మోచేతి మడతల్లో రెండు. ఎంత దూరమైనా మూసిన ఏసీ కారులో ప్రయాణం ఉంటే ఏ కాలమైనా ఒకటే, అదీ బయల్దేరడానికి అరగంట ముందు.

అరగంట తర్వాత మీ ముక్కుకు ఆ వాసన తెలియడం మానేస్తుంది. ముక్కు అలవాటు పడిందంతే, సెంటు పోలేదు. ఇక్కడే అందరూ మళ్లీ కొట్టుకుని చెడగొట్టుకుంటారు. అనుమానం వస్తే ఇంట్లోవాళ్లను అడగండి. చేయి చాపినంత దూరంలో తెలిస్తే సరిపోయింది. గది అవతలికి తెలిస్తే ఎక్కువైంది, తడి సబ్బు గుడ్డతో ఒకసారి తుడిచేయండి.

దీపం, హారతి, సాంబ్రాణి, గ్యాస్ పొయ్యి దగ్గర స్ప్రే కొట్టకండి. సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే, మంట అంటుకుంటుంది. పూజగదిలోకి వెళ్లే ముందు కనీసం ఐదు నిమిషాలు ఆరనివ్వండి. చంటిబిడ్డను ఎత్తుకునేవాళ్లు బిడ్డ ముఖం ఆనే భుజానికి, మెడకు అసలు వద్దు.

పట్టుచీర, నగలు, తలలో పూలు

పట్టు మీద నేరుగా కొట్టకూడదు. ఆల్కహాల్ ఆరాక గుండ్రటి గీత మిగులుతుంది, మల్లె యాబ్సొల్యూట్ రంగు లేతరంగు పట్టు మీద పసుపు మచ్చ అవుతుంది. వెంకటగిరి చీరల జరీకి, కంచి జరీకి సెంటు తగిలితే మెరుపు తగ్గి నల్లబడే ప్రమాదం ఉంది. శ్రీకాళహస్తి కలంకారీకి వేసేవి సహజ రంగులు, అక్కడ కూడా ప్రయోగాలు వద్దు. దీనికి మంచి ఉపాయం జాకెట్టు లోపలి నూలు లైనింగు. చీర కట్టుకోవడానికి పది నిమిషాల ముందు లైనింగు మీద, ఛాతీ దగ్గర, 20 సెంటీమీటర్ల నుంచి ఒక్క స్ప్రే కొట్టి ఆరనివ్వండి. నూలు గుడ్డ వాసనను చర్మం కన్నా ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, పైకి ఏమీ కనపడదు. తెల్ల లైనింగు అయితే ముందు పాత గుడ్డ మీద మచ్చ పడుతుందేమో చూసుకోండి.

వరుస ఇలా ఉండాలి: సెంటు ముందు, తర్వాత బట్టలు, చివర నగలు. ముత్యాలకు ఆల్కహాల్ తగిలితే మెరుపు చస్తుంది. వన్ గ్రాము గోల్డ్ నగల పూత కూడా తొందరగా పోతుంది.

తలలో మల్లెలు పెట్టుకున్న రోజు ఏం చేయాలన్నది అందరికీ వచ్చే సందేహం. నిజమైన మల్లె పక్కన సీసా మల్లె ఎప్పుడూ చిన్నబోతుంది. రెండూ కలిస్తే తీపి ఎక్కువై వెగటు పుడుతుంది. ఆ రోజు సెంటు మానేయండి, లేదా గంధం, కస్తూరి ఛాయలున్న తేలికైనది ఒక్కటి కొట్టుకోండి. కనకాంబరాలకు వాసన లేదు కాబట్టి తెల్లపూల సెంటుకు అవి మంచి జోడీ. మరువం, దవనం కలిపి కట్టిన కదంబం పెట్టుకుంటే పచ్చిదనం ఉన్న మల్లెమొగ్గ రకాలు దానికి అతుకుతాయి. తేనె తీపి రకాలు అతకవు. పెళ్లికూతురి పూలజడకు లిల్లీ, మల్లె రెండూ వాడతారు కాబట్టి ఆ పూట సెంటు లైనింగు వరకే ఉంచండి.

కొండకు వెళ్లే రోజు

తిరుమలలో పూలన్నీ స్వామికే, ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. ఆ ఆనవాయితీని గౌరవించేవాళ్లు దర్శనం రోజు పూల సెంటు కూడా మానేస్తే బాగుంటుంది. ఆచారం పట్టింపు లేకపోయినా, వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి పిల్లలు, వృద్ధులు పక్కపక్కన కూర్చోవాలి. అక్కడ ఘాటు సెంటు ఎవరికీ మంచిది కాదు. పచ్చకర్పూరం, తులసి, శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం, ఆ సన్నిధి వాసనలు వేరు. పెర్ఫ్యూమ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక మాట: పాతకాలపు ఫ్రెంచి పూల పెర్ఫ్యూమ్‌లలో వెచ్చదనం కోసం పునుగుపిల్లి నుంచి వచ్చే ఈ పునుగే వాడేవారు, ఇప్పుడు దాని బదులు తయారీ పదార్థాలు వేస్తున్నారు. పునుగు వాసన ఎరిగినవాళ్లకు పాత తరహా లిల్లీ సీసాల అడుగున ఆ ఛాయ ఇట్టే దొరుకుతుంది.

దాచడం, చిన్న సీసాలోకి తీయడం

సెంటుకు శత్రువులు మూడు: వేడి, వెలుగు, గాలి. మన ఇళ్లలో పైఅంతస్తు స్లాబు కింద గది వేసవిలో పొయ్యే. అక్కడి అటక మీద, కిటికీ గూట్లో, స్నానాల గదిలో, కారు డ్యాష్‌బోర్డులో పెట్టకండి. సీసాను దాని పెట్టెలోనే ఉంచి, ఇంట్లో చల్లటి గదిలో చెక్క బీరువా అడుగు అరలో పెట్టండి. పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేసిన బీరువా మాత్రం వద్దు. ఆ వాసన పెట్టె అట్టకు, మూత సందులకు పట్టేస్తుంది. మల్లె ఇండోల్‌కు అది దగ్గరి వాసన కాబట్టి, సీసా పాడైందో కలరా ఉండల ప్రభావమో మీకే తెలియకుండా పోతుంది. ఫ్రిజ్ తప్పనిసరి అనిపిస్తే తలుపులో కాకుండా అడుగున కూరగాయల అరలో, గాలి చొరని డబ్బాలో పెట్టండి. తలుపు తీసినప్పుడల్లా వేడి, చల్లదనం మారడం కన్నా నిలకడగా ఉండే గది ఉష్ణోగ్రతే నయం.

తెరిచిన తేదీని సీసా అడుగున చిన్న కాగితం అంటించి రాయండి. మూడేళ్లలో వాడేసుకునేలా చూసుకోవాలి. ఈ జాతి సీసాలు కాలం గడిచేకొద్దీ ముదురు పసుపు, తేనె రంగులోకి తిరుగుతాయి. నారింజ పూత, మల్లె వాసనలకు వాడే మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం, ఆల్డిహైడ్‌లనే ఇతర సుగంధ పదార్థాలతో కలిసి రంగు తెస్తుంది, ఇండోల్ కూడా రంగు ముదరడానికి కారణమే. రంగు మారినంత మాత్రాన పారేయకండి. స్ప్రే కొట్టిన మొదటి నిమిషంలో నెయిల్ పాలిష్, వెనిగర్, లేదా మాడిన నూనె వాసన వచ్చి, పది నిమిషాలైనా పోకపోతే అప్పుడు పాడైనట్టు.

చేతిసంచికి 5 మిల్లీలీటర్ల గాజు స్ప్రే సీసా కొనండి, ప్లాస్టిక్ వద్దు, వాసన పీల్చుకుంటుంది. చిన్న సీసాను ముందు ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. నీటి తడి మిగిలితే సెంటు పాలలా తెల్లబడుతుంది. పెద్ద సీసా స్ప్రే తల తీసి, దాని గొట్టం మీద చిన్న సీసా మూతి ఆనించి, నెమ్మదిగా 40 సార్లు నొక్కితే దాదాపు 4 మిల్లీలీటర్లు వస్తాయి. నిండా నింపకండి. వేడికి లోపలి ద్రవం, గాలి వ్యాకోచించి కారుతుంది, పైన కొంత ఖాళీ ఉండాలి. పేరు, తేదీ రాసిన కాగితం అంటించండి.

స్ప్రే తల బిగుసుకుపోయి చుక్కలుగా వస్తుంటే సూదితో పొడవొద్దు, రంధ్రం పెద్దదై మంచులా పడటం శాశ్వతంగా పోతుంది. తల ఊడదీసి గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు నానబెట్టి, లోపలి తడి పూర్తిగా ఆరాక, మళ్లీ తొడిగి గాలిలోకి రెండుసార్లు నొక్కండి. అప్పటికీ తెరుచుకోకపోతే నీళ్లకు బదులు ఆల్కహాల్‌లో ఒక రాత్రి ఉంచండి, గట్టిపడిన నూనె కరుగుతుంది.